ప్యానల్ ఉంది, ట్యాబ్‌లు ఉన్నాయి, క్లాసులో ముగ్గురికి మాత్రం పాఠం అందడం లేదు

చంద్రగిరి_పీఎస్ | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. చంద్రగిరి వైపు ఒక జడ్పీ హైస్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. క్లాసులో ఇంటరాక్టివ్ ప్యానల్ ఉంది, అదే, వేలితో తాకి రాసే పెద్ద తెర. కొందరు పిలకాయల దగ్గర ట్యాబ్‌లు ఇంకా పనిచేస్తున్నాయి. నెట్ ఒకరోజు ఉంటే ఒకరోజు ఉండదు, నా ఫోన్ హాట్‌స్పాటే గతి.

ఒక అమ్మాయికి చూపు బాగా తక్కువ. కళ్లద్దాలు పెట్టినా బోర్డు కనపడదు, పుస్తకం ముక్కుకి ఆనించి చదువుతుంది. ఒక అబ్బాయికి చెవి మిషన్ ఉంది. నేను చెప్పేది సగం పట్టుకుంటాడు, మిగతా సగం పక్కవాడి నోట్సు చూసి రాస్తాడు. ఇంకొకడు నోటితో అడిగితే టకటకా చెబుతాడు, పేపరు చేతికిస్తే రెండు లైన్లు చదవడానికే చెమటలు పడతాయి. ప్యానల్ వచ్చాక వీళ్లకి సులువవుతుందని అందరూ అన్నారు. మిగతా క్లాసుకి సులువైంది, ఈ ముగ్గురికి కాలేదు.

మీ బళ్లలో నిజంగా పనిచేసినవి చెప్పండి. ఏదైనా కొనమనే సలహా అయితే వద్దు. హెచ్‌ఎం దగ్గర చాక్‌పీసులకే డబ్బుల్లేవు.

పాకాల_లెక్కలు | సోమవారం, రాత్రి 9:24

కిటికీలు ఎటువైపు సార్? ప్యానల్ మీద వెలుతురు పడుతోందా? మా దగ్గర సగం గొడవ అదే.

చంద్రగిరి_పీఎస్ | సోమవారం, రాత్రి 9:31

ఎడమవైపు రెండు. పొద్దున పూట ప్యానల్ మీద పాఠం కంటే కిటికీయే బాగా కనపడుతుంది. మూయిస్తే ఉక్కపోత.

భవిత_అక్క | సోమవారం, రాత్రి 10:15

నేను భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీని, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకి చెప్పే టీచర్ని. ముందు ఆ అమ్మాయి సంగతి చెబుతా సార్, చెవి మిషన్ బాబు గురించి నాకంటే బాగా చెప్పేవాళ్లు ఇక్కడ ఉన్నారు.

చూపు తక్కువంటే మనం చేసే మొదటి పని ముందు బెంచీలో కూర్చోబెట్టడం. నల్లబోర్డు రోజుల్లో అది సరిపోయేదేమో. ప్యానల్‌కి మరీ దగ్గరగా కూర్చుంటే తల ఎత్తి చూడాలి, వెలుగు నేరుగా కంట్లో పడుతుంది, పక్క నుంచి చూస్తే అక్షరం మెరుపులో కలిసిపోతుంది. కొందరికి వెలుతురు పెరిగేకొద్దీ చూపు ఇంకా తగ్గుతుంది. కాబట్టి ‘కనపడుతోందా’ అని అడగొద్దు. అందరి ముందు అడిగితే ఏ పిల్లయినా కనపడుతోందనే అంటుంది. క్లాసు అయ్యాక పిలిచి ఒకే వాక్యాన్ని మూడు నాలుగు సైజుల్లో, తెలుపు మీద నలుపు, నలుపు మీద తెలుపు, నలుపు మీద పసుపు ఇలా పెట్టి చూపించండి. ఏది హాయిగా ఉందో తనే చెబుతుంది. చాలామంది నలుపు మీద పసుపు ఎంచుకుంటారు, అలాగని మీ అమ్మాయీ అదే ఎంచుకుంటుందని ముందే అనుకోవద్దు.

రెండోది, బోర్డుని తన చేతికివ్వండి. ప్యానల్ బోర్డు యాప్‌లో మీరు రాసిన పేజీ సేవ్ అవుతుంది కదా, దాన్ని తన ట్యాబ్‌కి పంపండి. నెట్ లేకపోతే పక్కనున్న పిల్ల ట్యాబ్‌తో ఫొటో తీసిస్తే చాలు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది, అందులో మాగ్నిఫికేషన్, కలర్ ఇన్వర్షన్ ఆన్ చేసి ఇవ్వండి. ట్యాబ్‌ని నాలుగు పుస్తకాల మీద ఏటవాలుగా ఆనించండి, రోజంతా మెడ వంచుకుని కూర్చోవడం తప్పుతుంది.

మూడోది, ఖర్చు లేనిది, టీచర్లకి అన్నిటికంటే కష్టమైనది. ప్యానల్ మీద వేలు పెట్టి ‘ఇది ఇక్కడి నుంచి ఇలా వెళ్లి అక్కడ తగులుతుంది’ అంటాం. ఆ అమ్మాయికి ఆ వాక్యంలో ఏమీ లేదు. ‘ప్రధానాక్షానికి సమాంతరంగా వచ్చిన కిరణం కుంభాకార కటకం దాటాక నాభి గుండా పోతుంది’ అంటే ప్యానల్ చూడకపోయినా పాఠం అందుతుంది.

ఇంకోటి, తెలుగులో అక్షరం సైజు పెంచితే సరిపోదు. తల కనపడుతుంది, ఒత్తు కనపడదు. లైన్ల మధ్య చోటు పెంచకపోతే పై లైను ఒత్తు కింది లైను గుడిలోకి దూరుతుంది. పెళ్లిపత్రిక ఫాంట్లు మానేసి మండలి, నోటో సాన్స్ తెలుగు లాంటి సాదా ఫాంట్లు వాడండి. రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం.

చిత్తూరు_రిటైర్డ్_హెచ్ఎం | మంగళవారం, ఉదయం 6:02

అంతా చదివాను. పెద్దవాణ్ణి, ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. రేడియో పాఠాలు వచ్చాయి, టీవీ వచ్చింది, కంప్యూటర్ గది వచ్చింది. ఆ గదికి వేసిన తాళం నా దగ్గరే ఉండేది. ఇప్పుడు టీచరు బడికి రాగానే ఫోన్ తీసి హాజరు యాప్, భోజనం ఫొటో. ఇవన్నీ అయ్యాక ఆ అమ్మాయి ట్యాబ్‌లో రంగులు మార్చే తీరిక ఎవరికుంది? వెనకటి అయ్యవార్లు పిల్ల పక్కన కూర్చుని చదివి వినిపించేవాళ్లు.

పాకాల_లెక్కలు | మంగళవారం, ఉదయం 7:40

సార్, పక్కన కూర్చుని చదివి వినిపించడం మంచిదే. అరవైమంది క్లాసులో ఎవరి పక్కన కూర్చోవాలి చెప్పండి.

ఏర్పేడు_చెవులు | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నాకు చూపు పూర్తిగా లేదు. ఎస్వీ యూనివర్సిటీలో పీజీ చదువుతున్నాను. ఇక్కడ రాసేదంతా తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్‌ని ఫోన్‌లో వింటూ రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

హెచ్ఎం సార్ చెప్పిన అయ్యవార్లు నాకూ ఉండేవాళ్లు, వాళ్లకి దండం. కానీ చదివి వినిపించే మనిషి ఇంటికి వెళ్లిపోయాక నా చదువు ఆగిపోయేది. అర్ధరాత్రి పూట అదే పేరా మళ్లీ వినాలంటే ఎవరిని లేపాలి? ఆ పని మిషన్ చేస్తుంది. కంప్యూటర్‌కి ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరని చదివి వినిపించేది) పూర్తిగా ఉచితం. 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని ఇద్దరు కుర్రాళ్లు మొదలుపెట్టారు. ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఫోన్‌తోపాటే వస్తుంది, తెలుగు గొంతు డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా చదువుతుంది. పూర్తి స్క్రీన్ రీడర్ అక్కర్లేని పిల్లలకి సెలెక్ట్ టు స్పీక్ ఉంది, వేలు పెట్టిన పేరా ఒక్కటే చదువుతుంది. చంద్రగిరి సార్ చెప్పిన మూడో అబ్బాయికి అది పెట్టి చూడండి. కంప్యూటర్లో ఎడ్జ్ బ్రౌజర్ ఉంటే రీడ్ అలౌడ్‌లో శ్రుతి, మోహన్ అని రెండు తెలుగు గొంతులున్నాయి. చదువుతున్న మాట మీద రంగు పడుతూ పోతుంది. వినడం, చూడడం ఒకేసారి జరుగుతాయి. దానికి మాత్రం నెట్ కావాలి.

ఇవన్నీ ఉన్నా నా చదువు ఎక్కడ ఆగిందో తెలుసా? నోట్సు ఫైలు దగ్గర. మన వైపు మెటీరియల్ అంతా డీటీపీ షాపుల్లో అను ఫాంట్లలో కొట్టినదే. కంటికి అది తెలుగు. లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు, వాటి మీద తెలుగు బొమ్మ. ఎన్‌వీడీఏ బొమ్మని చూడదు, లోపలున్నది చదువుతుంది. న్యూటన్ నియమం పేజీ తెరిస్తే ‘క్యాపిటల్ జి, డాలర్, స్మాల్ ఓ, బ్రాకెట్’ అని మొదలుపెట్టి పేజీ చివరిదాకా అలాగే పోతుంది. ఏ మిషన్ అయినా తెలుగుని తెలుగుగానే గుర్తుపట్టే పద్ధతి యూనికోడ్, అందులో తెలుగు 1991 నుంచి ఉంది. అయినా మొన్న వచ్చిన మోడల్ పేపరు కూడా అలాగే వచ్చింది. ఇక రెండో రకం, ఎవరో ఫోన్‌తో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసి గ్రూపులో పడేస్తారు. అది పేజీ బొమ్మ, అందులో ఒక్క అక్షరం కూడా ఉండదు.

కాబట్టి సార్, మీ మెటీరియల్ ఏ ఫాంట్లో ఉందో ముందు చూడండి. ఆ ఫైల్లో ఒక మాట కాపీ చేసి వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే పడితే అది మా అందరికీ చదవగలిగే ఫైలు. చెత్త పడితే ప్యానల్ ఎన్ని అంగుళాలున్నా మాకు ఒరిగేదేమీ లేదు.

గాంధీరోడ్డు_డీటీపీ | మంగళవారం, మధ్యాహ్నం 3:05

తమ్ముడు చెప్పింది నిజమే, కానీ తిట్లు మాకొక్కరికే తగలకూడదు. మా చేతులకి అను కీబోర్డు అలవాటు, ప్రెస్సువాళ్లు పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ ఫైలే అడుగుతారు, రాత్రి పదింటికి సారు వచ్చి పొద్దునకి పేపరు కావాలంటారు. యూనికోడ్‌లో ఇవ్వమని ఇంతవరకు ఒక్క స్కూలు కూడా అడగలేదు. అడిగితే ఇస్తాం. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో ఉన్నాయి. మార్చాక ఒకసారి చదివి దిద్దాలి, కొన్ని ఒత్తులు, ‘క్ష’లు తప్పుతాయి. లెక్కల గుర్తులు చేత్తో మళ్లీ పెట్టాలి.

తిరుచానూరు_తెలుగు | మంగళవారం, సాయంత్రం 5:48

బొమ్మ పీడీఎఫ్‌లకి ఒక దారి చెబుతాను. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరవండి, అక్షరాలుగా మారుస్తుంది. ఈమధ్య తెలుగు బాగానే పట్టుకుంటోంది. శతక పద్యాలు దాదాపు సరిగ్గా వచ్చాయి, అరసున్నల దగ్గర మాత్రం తికమక.

నా అనుమానం వేరే. గైడు, పుస్తకం ఇలా స్కాన్ చేసి పిల్లలకి ఇస్తే కాపీరైట్ వాళ్లు పట్టుకోరా?

ఏర్పేడు_చెవులు | మంగళవారం, సాయంత్రం 6:30

మేడం, మామూలు పుస్తకం చదవలేని వైకల్యం ఉన్నవాళ్ల కోసం చదవగలిగే రూపంలోకి మార్చుకోవడానికి 2012లో కాపీరైట్ చట్టం సవరించి అనుమతి ఇచ్చారు. లాభానికి అమ్మకూడదు, ఆ పిల్లలకే ఇవ్వాలి. చూపులేనివాళ్ల పుస్తకాల కోసం మరాకేష్ ఒప్పందం అని ఒకటుంది, 2014లో ప్రపంచంలో మొదట ఆమోదించింది మనదేశమే. 2016 నుంచి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ కూడా నడుస్తోంది. వైకల్యం సర్టిఫికెట్ పెట్టి సభ్యత్వం తీసుకోవాలి.

పుత్తూరు_అమ్మ | మంగళవారం, రాత్రి 9:50

నేను టీచర్ని కాదు, చెవి మిషన్ పెట్టుకున్న బాబు తల్లిని. వాడిప్పుడు తొమ్మిదో తరగతి. సార్ రాసిన అబ్బాయి గురించి చదివితే మావాడి గురించి చదివినట్టే ఉంది, అందుకే రాస్తున్నా.

మిషన్ పెడితే మనలాగా వినపడుతుందని అందరూ అనుకుంటారు. అది శబ్దాన్ని పెంచుతుంది, మాటని ఏరి ఇవ్వదు. ఫ్యాన్ చప్పుడు, బెంచీ ఈడ్చిన చప్పుడు, సార్ గొంతు అన్నీ కలిపి పెంచుతుంది. మనిషి ఒకటి రెండు మీటర్లు దాటితే మాట అరిగిపోతుంది. ప్యానల్ స్పీకర్లో వీడియో పెట్టినప్పుడు మరీ కష్టమని మావాడు చెప్పాడు. బోడి గోడల గదిలో శబ్దం గింగిర్లు తిరుగుతుంది. క్లాసంతా నవ్వుతుంటే వీడూ నవ్వుతాడు, ఎందుకో తెలియదు.

మాకు పనికొచ్చినవి చెబుతా. ఫ్యాన్ కింద కాకుండా పక్క వరసలో, సార్ మొహం కనపడే చోట కూర్చోబెట్టారు. కిటికీ సార్ వెనక ఉండకూడదు, ఉంటే మొహం నల్లగా కనపడి పెదాలు తెలియవు. సార్‌కి ప్యానల్ వల్ల ఒక మేలు జరిగింది. ముందే టైపు చేసి పెట్టుకుంటారు కాబట్టి బోర్డు వైపు తిరిగి మాట్లాడడం తగ్గింది. వీడియో అయితే కింద అక్షరాలున్నదే పెడతారు. లేకపోతే ముందు రోజే నాలుగు లైన్ల సారాంశం వాట్సాప్‌లో పంపుతారు. అది చదువుకుని వెళ్లిన రోజు వాడి మొహం వేరేగా ఉంటుంది.

ఒక్క చిన్న విషయం. బ్యాటరీ అయిపోతే వాడు చెప్పడు. సిగ్గు. గమ్మున కూర్చుంటాడు. మావాడి మిషన్‌కి 675 సైజు, నీలం స్టిక్కర్ ఉన్న బ్యాటరీ. ఒక స్ట్రిప్ క్లాస్ టీచర్ టేబుల్ సొరుగులో పెట్టించాను. స్టిక్కర్ పీకగానే బ్యాటరీ వాడకం మొదలవుతుంది, కాబట్టి ముందే పీకి దాచిపెట్టకూడదు.

చంద్రగిరి_పీఎస్ | మంగళవారం, రాత్రి 10:20

అమ్మా, బ్యాటరీ సంగతి నాకసలు తట్టలేదు. రేపే అడుగుతాను. ఫోన్‌లో మాటల్ని అక్షరాలుగా చూపించే యాప్ ఉందట కదా, క్లాసులో ఎవరైనా వాడారా?

పాకాల_లెక్కలు | మంగళవారం, రాత్రి 10:41

లైవ్ ట్రాన్స్‌క్రైబ్. గూగుల్‌ది, 2019లో వచ్చింది, తెలుగు ఉంది. మా ఫిజికల్ సైన్స్ మేడం వాడారు. ‘కుంభాకార కటక నాభ్యంతరం’ అంటే ‘కుంభాకార కటకం నా అభ్యంతరం’ అని పడింది. క్లాసులో రెండు రోజులు అదే జోకు.

జోకు పక్కన పెడితే, ఫోన్ మేడం మెడలో వేలాడినప్పుడు బాగా పట్టుకుంది, బల్ల మీద పెడితే పిలకాయల గోలనే రాసింది. మామూలు మాటలు సరిగ్గానే వస్తాయి, సైన్స్ మాటల దగ్గరే తప్పులు. అందుకని ఆ రోజు పాఠంలో వచ్చే కొత్త మాటలు ప్యానల్ పక్కన ఒక మూల రాసి ఉంచుతారు. తప్పు పడినా పిల్లాడు చూసి సరిపెట్టుకుంటాడు.

భవిత_అక్క | మంగళవారం, రాత్రి 11:02

సైగల భాష వచ్చిన పిల్లలు మీ బళ్లలో ఉంటే ఇది కూడా రాసుకోండి. ఢిల్లీలో భారతీయ సైగల భాష పరిశోధన సంస్థ ఉంది, 2020లో ఎన్‌సీఈఆర్‌టీతో ఒప్పందం అయ్యాక పాఠ్యపుస్తకాలని సైగల వీడియోలుగా చేస్తున్నారు. కేంద్రం నడిపే పాఠాల టీవీ చానళ్లు పీఎం ఈ-విద్యలో 31వ నంబరు చానల్ పూర్తిగా సైగల భాషకే, 2024 డిసెంబరులో మొదలైంది. మామూలు బడిలో చదివే పిల్లల్లో చాలామందికి సైగలు నేర్పనే లేదు, వాళ్లకి ఇది ఉపయోగపడదు. ముందు ఆ పిల్లాడికి ఏ భాష వచ్చో చూడాలి.

నగరి_బోర్డర్ | బుధవారం, ఉదయం 8:15

భాష అన్నారు కాబట్టి నా గోడు. మా ఊళ్లో సగం ఇళ్లలో అరవం. బడిలో తెలుగు, పుస్తకంలో ఒకవైపు తెలుగు, ఇంకోవైపు ఇంగ్లీషు. పిల్లకి విషయం తెలుసు, తెలుగులో రాయలేదు. ‘చదువు రాదు’ అని పేరు పెట్టేస్తాం. ఆరో తరగతిలో ఒకమ్మాయికి ఫోన్‌లో తమిళ కీబోర్డు వాయిస్ టైపింగ్ పెట్టి జవాబు చెప్పమంటే అర పేజీ చెప్పింది. దాన్నే ఇద్దరం కలిసి తెలుగులోకి మార్చాం. చదవడంలో ఇబ్బందా, భాష ఇబ్బందా అనేది తేలకుండా ఏ యాప్ పెట్టినా దండగ.

పలమనేరు_ప్రైమరీ | బుధవారం, ఉదయం 8:50

మా చిన్న బడిలో స్మార్ట్ టీవీ. ఆటిజం ఉన్న బాబు ఒకడు, టీవీలో పాటలు పెడితే చెవులు మూసుకుని బయటికి పరిగెత్తేవాడు. ఇప్పుడు సౌండ్ తగ్గించి, ముందుగా ‘ఇప్పుడు పాట, తర్వాత అన్నం’ అని రెండు ఫొటోలు చూపిస్తాం. ఆ ఫొటోలు మా వంటమ్మవీ, మా టీవీవీనే. నెట్‌లో కార్టూన్ బొమ్మలు వాడు పట్టించుకోలేదు.

ఈజీలెర్న్_ప్రో | బుధవారం, ఉదయం 9:30

[నిర్వాహకులు తొలగించారు: ప్రకటన]

చిత్తూరు_రిటైర్డ్_హెచ్ఎం | బుధవారం, సాయంత్రం 4:10

ఏర్పేడు బాబు రాసింది మా ఇంట్లో మనవరాలి చేత గట్టిగా చదివించుకున్నాను. నా కళ్లకీ ఇప్పుడు పత్రిక అందడం లేదు. ఫైలు విషయంలో నువ్వే రైటు నాయనా.

అయితే చంద్రగిరి సారుకి నేను చెప్పాల్సింది ఒకటి మిగిలింది. ఏడాదంతా ట్యాబ్‌లో పెద్దక్షరాలు చూపించి, మార్చిలో మామూలు పేపరు చేతిలో పెడితే ఆ పిల్ల గతేమిటి? 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో వైకల్యాలు 7 నుంచి 21కి పెరిగాయి. చదవడం, రాయడంలో వచ్చే ప్రత్యేక ఇబ్బంది కూడా అందులో ఉంది, అంటే మీ మూడో పిల్లాడు. 2018 కేంద్ర మార్గదర్శకాల్లో రాతపరీక్షలో గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలని, అవసరమైతే రాసిపెట్టే మనిషిని ఇవ్వాలని పెట్టారు. వైకల్యం 40 శాతం కంటే తక్కువ ఉండి రాయడానికి ఇబ్బందిపడేవాళ్లకి 2022లో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. టెన్త్ బోర్డు రాయితీలు ఏ కాగితంతో వస్తాయో డీఈఓ ఆఫీసులో ఇప్పుడే కనుక్కోండి. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) వెళ్లే రోజు గుర్తుకొస్తే లాభం లేదు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ సచివాలయంలో బుక్ చేయించండి, క్యాంపు తేదీ రావడానికి ఎంత ఆలస్యమవుతుందో మీ అందరికీ తెలుసు.

చంద్రగిరి_పీఎస్ | గురువారం, రాత్రి 9:05

ఇప్పటిదాకా జరిగింది రాస్తాను. ఆ అమ్మాయి నలుపు మీద తెలుపు ఎంచుకుంది, పసుపు ‘గుచ్చుకుంటోంది’ అంది. ముందు బెంచీ నుంచి మూడో బెంచీకి, కిటికీకి దూరంగా మారింది. ట్యాబ్ తన ముందే ఉంది. చెవి మిషన్ బాబు బ్యాటరీ నిజంగానే అయిపోయి ఉంది. ఎప్పటినుంచో చెప్పడు.

మూడోవాడికి మోడల్ పేపరు వినిపిద్దామని ఫైలు తెరిచి వాట్సాప్ పరీక్ష చేశాను. చెత్త పడింది. కాంతి పాఠం వరకు ప్రశ్నలు నేనే ఫోన్‌లో నోటితో చెప్పి టైపు చేయించాను. సెలెక్ట్ టు స్పీక్‌తో విని, ఐదు ప్రశ్నలకి నోటితో జవాబులు చెప్పాడు, నాలుగు రైటు. వాడి సర్టిఫికెట్ పని మొదలుపెట్టాం.

ఒకటి తేలలేదు. కిరణ చిత్రాలు ఎలా? ట్యాబ్‌లో పెద్దవి చేస్తే ఒక మూల కనపడితే ఇంకో మూల పోతోంది.

భవిత_అక్క | గురువారం, రాత్రి 9:40

దానికి ట్యాబ్ పక్కన పెట్టండి సార్. ఏ3 కాగితం మీద లావు నల్ల మార్కర్‌తో ఒక్క కిరణమే గీయండి, రెండోది రెండో కాగితం మీద. చూపు అసలు లేని పిల్లలకైతే అట్ట మీద కటకం ఆకారం అంటించి దారంతో కిరణాలు పెడతాం, నాభి దగ్గర ఒక గుండుసూది తల. టైలర్లు గుడ్డ మీద గుర్తులకి వాడే పళ్ల చక్రం ఉంటుంది చూడండి, కాగితం వెనక నుంచి దాంతో గీస్తే ముందువైపు చుక్కల గీత వేలికి తగులుతుంది. అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది, కాబట్టి గీసేటప్పుడు కుడి ఎడమలు మార్చి గీయాలి.

ఏర్పేడు_చెవులు | గురువారం, రాత్రి 10:12

నేను కటకాలు నేర్చుకున్నది దారాలతోనే. సార్, మీరు టైపు చేయించిన కాంతి ప్రశ్నలు ఇక్కడ పెట్టండి, మిగతా పాఠాలు తలా ఒకటి చేద్దాం.

తిరుచానూరు_తెలుగు | గురువారం, రాత్రి 10:20

తెలుగు పేపరు నాది.

గాంధీరోడ్డు_డీటీపీ | శుక్రవారం, ఉదయం 10:30

పాత మోడల్ పేపర్లు నేను మార్చి ఇస్తాను, డబ్బులొద్దు. ఎవరి దగ్గరున్నా పీడీఎఫ్ కాకుండా అసలు పేజ్‌మేకర్ ఫైలే పెన్‌డ్రైవ్‌లో తెండి. పీడీఎఫ్ నుంచి లాగితే ఒత్తులు ఎగిరిపోతాయి, మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సి వస్తుంది. శనివారం సాయంత్రం ఐదు దాటాక రండి, అప్పుడైతే పెళ్లిపత్రికల రద్దీ ఉండదు.